సలహా ఇవ్వని సలహాదారు



తెలుగునాట “కౌన్సెలింగ్” అనే మాట పడినన్ని పాట్లు మరే ఆంగ్లపదమూ పడి ఉండదని నా అనుమానం. ఉపాధ్యాయవృత్తిలో ఉన్నన్నాళ్లూ ఆ మాట చెవిన పడగానే నాకు గుర్తుకు వచ్చేది బదిలీలు. జిల్లా కేంద్రంలో ఏదో ఒక పాఠశాల ఆవరణ, గోడకు అంటించిన ఖాళీల జాబితా, చేతిలో పాయింట్ల కాగితం, అర్ధరాత్రి దాకా చెట్టు కింద పడిగాపులు, పేరు పిలిచిన తరువాత అర నిమిషంలో ఒక ఊరు కోరుకొని సంతకం చేసి బయటపడడం. దానికి కౌన్సెలింగ్ అని పేరు. ఇంజనీరింగు సీట్ల పంపకమూ కౌన్సెలింగే. తాగి బండి నడిపి పట్టుబడినవారిని ఇంటివారితో సహా ట్రాఫిక్ శిక్షణ సంస్థకు రప్పించి మందలించడమూ కౌన్సెలింగే. ఠాణాలో రౌడీషీటర్లను వరుసగా నిలబెట్టి హెచ్చరిస్తే మరునాటి పత్రికలో “పోలీసుల కౌన్సెలింగ్” అని శీర్షిక. వీటన్నిటిలోనూ ఉమ్మడి గుణం ఒకటే. ఒకరు చెబుతారు, రెండవవారు తల ఊపుతారు.

అందుచేత మనసు బాగాలేని మనిషితో “ఒకసారి కౌన్సెలింగ్‌కు వెళ్లరాదూ” అన్నామంటే, తనను ఎవరి ముందో నిలబెట్టి చీవాట్లు పెట్టించబోతున్నారని ఆ మనిషి అనుకోవడంలో తప్పేమీ లేదు. వెళ్లమన్న ఇంటివారి మనసులో ఉన్నదీ చాలావరకు అదే. తాము చెప్పి చెప్పి విసిగినదానిని డిగ్రీ ఉన్న మరొకరు గట్టిగా చెబితే వింటారన్న ఆశ.

భాషాపండితుణ్ణి కనుక పదాల దగ్గర కాసేపు ఆగుతాను, మన్నించండి. సలహా ఇస్తాము, హితవు చెబుతాము, ఉపదేశం చేస్తాము, బుద్ధి గరపుతాము. ఈ క్రియలన్నీ పైనుండి కిందికి ప్రవహించేవి. “మంతనం” అన్న మాట ఒక్కటి మాత్రం వేరు. మంతనం ఇవ్వడానికి వీలులేదు, ఆడవలసిందే. ఆడడానికి ఇద్దరు ఉండాలి, తలుపు వేసి ఉండాలి. పాపం, ఆ మాటను పత్రికలవారు రాజకీయనాయకుల పాలు చేశారు. లేకుంటే నేను ఈ టపాలో చెప్పబోయే పద్ధతికి అంతకన్న చక్కని తెలుగు దొరకదు.

ఆ పద్ధతి ఇది. సాయం కోరి వచ్చిన వ్యక్తీ కౌన్సెలరూ కలిసి కూర్చుని ఏ సంగతి మాట్లాడుకోవాలో, ఎందుకోసమో, ఎంతవరకో నిర్ణయించుకొంటారు. వచ్చినవారి జీవితం గురించి వచ్చినవారికే ఎక్కువ తెలుసునన్నది మొదటి సూత్రం. ఆ ఇద్దరి మధ్య కుదిరే నమ్మకమే చికిత్సలో ప్రధాన సాధనమన్నది రెండవది. (“క్లయింట్” అన్న మాటకు నాకు తెలుగు చిక్కలేదు. కక్షిదారు అంటే న్యాయవాది గుమ్మం కనబడుతుంది, రోగి అంటే ఆసుపత్రి మంచం. అందుకని “వచ్చినవారు” అనే వ్రాస్తున్నాను.)

ఈ ఆలోచన ఒక గదిలో, ఒక ఓటమి నుండి ఎలా మొలకెత్తిందో కార్ల్ రోజర్స్ తానే చెప్పుకొన్నాడు. 1902లో పుట్టి 1987లో గతించిన అమెరికా మనస్తత్త్వవేత్త ఆయన. 1928 మొదలు పన్నెండేళ్లపాటు న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో పిల్లల సంక్షేమం చూసే సంస్థలో పనిచేశాడు. అక్కడికి ఒక తల్లి తన అల్లరి కొడుకు విషయమై వస్తూ ఉండేది. పసితనంలో బిడ్డను ఆమె మనసారా దగ్గరకు తీసుకోకపోవడమే మూలమని సంస్థవారు తేల్చారు. ఆ నిజాన్ని ఆమె చేత ఒప్పించడానికి రోజర్స్ ఎన్నో సమావేశాలు, ఎంతో సౌమ్యంగా, ప్రయత్నించాడు. ఆమె ఒప్పుకోలేదు. చివరకు “మన ప్రయత్నం ఫలించినట్లు లేదు, ఇక విరమిద్దాము” అన్నాడు. ఆమె సరేనన్నది, చేయి కలిపి తలుపు దాకా వెళ్లినది, వెనక్కు తిరిగి “ఇక్కడ పెద్దవాళ్లకు కూడా కౌన్సెలింగ్ చేస్తారా?” అని అడిగినది. చేస్తామనగానే తిరిగి వచ్చి, విడిచివెళ్లిన కుర్చీలోనే కూర్చుని, తన కాపురంలోని నిస్పృహను చెప్పుకోవడం మొదలుపెట్టినది. అంతకుముందు ఫైలులో వ్రాసుకొన్న “కేసు చరిత్ర”కూ ఆ మాటలకూ పోలికే లేదట. అసలు వైద్యం అప్పుడు మొదలైనది, పిల్లవాడికి కూడా మేలు జరిగినది.

ఎక్కడ నొప్పి ఉన్నదో, ఏ దిక్కుగా వెళ్లాలో వచ్చినవారికే తెలుసు. తన తెలివిని ప్రదర్శించాలన్న కోరిక లేకపోతే కౌన్సెలరు వారిని నమ్మి వెంట నడవడమే మంచిదని ఆయన గ్రహించిన సందర్భాలలో అది ఒకటి. 1942లోనూ 1951లోనూ వెలువరించిన గ్రంథాలలో దానిని ఒక పద్ధతిగా కూర్చాడు. నన్ను ఆకట్టుకొన్నది మాత్రం ఆ తలుపు దగ్గరి ప్రశ్నే. నిపుణుడు చేతులెత్తేసిన తరువాత గాని ఆమెకు నోరు తెరిచే సందు దొరకలేదు.

మనకు దీని ఉల్టా కథ ఉన్నది. ఉద్యోగపర్వంలో ప్రజాగరమని ఒక భాగం. ప్రజాగరమంటే మేలుకొని ఉండడం, ఇప్పటి మాటలో నిద్రలేమి. పాండవుల వద్దనుండి తిరిగివచ్చిన సంజయుడు సందేశం రేపు సభలో చెబుతానని వెళ్లిపోతాడు. ధృతరాష్ట్రుడికి కంటిమీద కునుకు రాదు. విదురుణ్ణి పిలిపిస్తాడు. విదురుడు రాత్రంతా చెబుతాడు, సంస్కృతంలో ఎనిమిది అధ్యాయాలు. దానినే విదురనీతి అని నెత్తిన పెట్టుకొంటున్నాము, తిక్కన సోమయాజి తెనిగించిన పర్వంలో ఉన్నందున పిల్లలకు పాఠాలుగానూ చెప్పుకొంటున్నాము. అంతా విని ధృతరాష్ట్రుడు ఏమన్నాడో మాత్రం పాఠ్యపుస్తకాలకు ఎక్కదు. నీవు చెప్పినది నిజమే, నా బుద్ధీ అటే మొగ్గుతుంది, కాని దుర్యోధనుడు ఎదురుపడగానే అది తిరగబడుతుంది అన్నాడు. అంటే లోకంలోకెల్ల ఉత్తమమైన సలహాను, అడిగి మరీ, ఆత్మీయుని నోట విని, ఒప్పుకొని కూడా ఆ మనిషి ఉన్నచోటనే ఉన్నాడు.

సలహాలో లోపమేమీ లేదు. విదురుడు మొదట్లో ఒక ప్రశ్న వేసిన మాట నిజమే. బలవంతుడి చేత దెబ్బతిన్నవాడికి, సొత్తు పోయినవాడికి, కాముకుడికి, దొంగకు నిద్ర రాదు, నీవు వీరిలో ఎవరివి కావుగదా, పరుల సొమ్ముకు ఆశపడడం లేదుగదా అని. అది జవాబును కడుపులో దాచుకొన్న ప్రశ్న. మేము తరగతిగదిలో వేసే ప్రశ్నలు చాలావరకు ఆ జాతివే. కొడుకు ఎదురుపడినప్పుడు నీకేమవుతుంది అని ఆ ముసలిరాజును అడిగినవారు లేరు. పెద్దవాడై పుట్టి, చూపు లేదన్న కారణాన సింహాసనం తమ్ముడి పాలైన మనిషి, కొడుకు పట్టుదలలో తన పాతగాయాన్ని తడుముకొంటున్నాడేమో. అలా అడిగితే యుద్ధం ఆగి ఉండేదని నేను అనడం లేదు. ఆ రాత్రి నిద్రపట్టనివాడు రాజే అయినా, మాట్లాడే వంతు ఎక్కువగా విదురుడిదే అయినదని మాత్రం అంటున్నాను.

ఇదంతా ఇప్పుడెందుకు వ్రాస్తున్నానంటే, మా యాప్రాల్‌లో ఈ విషయమై కొన్నాళ్లుగా ఒక వివాదం నడుస్తున్నది. సైన్యంలో పనిచేసి విరమించినవారు మా వైపు ఎక్కువ. అటు సైనికపురి, ఇటు బొలారం, అంతా అదే వాతావరణం. పొద్దున్నే నడకకు వెళ్లేటప్పుడు కూడా వరుస తప్పరు. నా నడకమిత్రుడు ఒకరు సుబేదార్ మేజరుగా పదవీవిరమణ చేసినవారు. వారి మనుమరాలికి పందొమ్మిదేళ్లు. వైద్యవిద్య ప్రవేశపరీక్ష రెండుసార్లు వ్రాసినది, సీటు రాలేదు. మూడవసారి శిక్షణలో ఉండగా తిండి తగ్గినది, నిద్ర పోయినది, మాట ఆగినది. డాక్టరు చూసి మందులు కొద్దిగా వ్రాసి, ఒక కౌన్సెలరు వద్దకు కూడా పంపారు. (గుర్తుపట్టడానికి వీలులేకుండా వివరాలు కొన్ని మార్చాను. ఆ అమ్మాయి అనుమతి తీసుకొన్న తరువాతనే వ్రాస్తున్నాను.)

నాలుగు వారాలు గడిచాక మిత్రుడు మా వసారాలో కూర్చుని మొరపెట్టుకొన్నారు. “మాస్టారూ, ప్రతి వారం డబ్బు కడుతున్నాను. ఏం చెప్పిందమ్మా మేడం అని అడిగితే, ఏమీ చెప్పలేదు తాతయ్యా, అడిగింది అంటుంది. అడగడానికి డబ్బులేమిటండీ! పోనీ నేనే వెళ్లి అడుగుదామంటే, అమ్మాయి లేకుండా, అమ్మాయి సరేననకుండా నేనేమీ మాట్లాడనండీ అంది ఆవిడ. ఫీజు కట్టేది నేను, బండిమీద దింపేది నేను, నాకే చెప్పరట!”

కాలనీలో చాలామంది ఆయన పక్షం. నేను ఆ కౌన్సెలరు పక్షం. ఎందుకో చెబుతాను.

మొదటి రోజున ఆమె అడిగినదట, “ఇక్కడికి వస్తూ ఉంటే నీకు ఏది మారితే బాగుండుననిపిస్తుంది?” అని. అమ్మాయి చెప్పినది “నిద్ర”. తాతగారి దృష్టిలో మారవలసినది సీటు. కౌన్సెలరు నిద్రనే పట్టుకొన్నది. రెండు వారాల తరువాత “మనం మాట్లాడుకొంటున్న తీరు నీకు పనికివస్తున్నదా, ఏదైనా మార్చమంటావా?” అని అడిగితే, ఈ పిల్ల ధైర్యం చేసి “మీరు కాగితం మీద వ్రాసుకొంటూ ఉంటే నాకు పరీక్షలా ఉంది మేడం” అన్నదట. ఆమె కలం మూసి పక్కన పెట్టినది. నా మట్టుకు నాకు ఈ కథలో కీలకం అదే. పదేళ్లుగా ర్యాంకులు, మార్కులు తప్ప తన మాటకు లోకంలో ఏదైనా కదలడం చూడని పిల్ల, ఒక పెద్దమనిషి ఎదుట అభ్యంతరం చెప్పినది, ఆ పెద్దమనిషి నొచ్చుకోలేదు, పద్ధతి మార్చుకొన్నది. దానిని మించిన బోధ ఏమున్నది?

ఎడ్వర్డ్ బోర్డిన్ అనే పండితుడు 1979లో దీనికి ఒక చట్రం కట్టాడు. చికిత్స ఏ శాఖకు చెందినదైనా మూడింటిలో ఇద్దరికీ పొత్తు కుదరాలన్నాడు. గమ్యం విషయంలో ఏకీభావం, చేయవలసిన పని విషయంలో ఏకీభావం, ఒకరిపై ఒకరికి నమ్మకం. ఆ తరువాత దశాబ్దాలపాటు జరిగిన పరిశోధనలలో ఈ పొత్తుకూ ఫలితానికీ సంబంధం పదేపదే కనబడింది. గమ్యాన్ని తాత నిర్ణయించి, పనిని కౌన్సెలరు నిర్ణయించి, నమ్మకాన్ని మాత్రం మనుమరాలు తెచ్చుకోవాలంటే అది పొత్తు కాదు, కాంట్రాక్టు.

గోప్యత సంగతి. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుండి అమలులో ఉన్నది. అందులో 23వ సెక్షను, మానసిక అస్వస్థత ఉన్నవారి వివరాలు గోప్యంగా ఉండే హక్కును గుర్తించినది. ప్రాణాపాయం వంటి సందర్భాలకు మినహాయింపులూ చెప్పినది. కౌన్సెలరుకు అది అక్షరాలా వర్తిస్తుందా అన్న తర్కం న్యాయవాదులకు వదిలేద్దాము. పందొమ్మిదేళ్ల పిల్ల చెప్పుకొన్నది సాయంత్రానికి ఇంట్లో వినబడితే రెండవ వారం ఆమె నోరు తెరవదు. ఇది తెలియడానికి చట్టం అక్కరలేదు, పిల్లలతో వేగిన అనుభవం చాలు.

“ఇదంతా పాశ్చాత్యం మాస్టారూ, మనవాళ్లకు ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి” అన్నారు మిత్రుడు. ఈ అభ్యంతరాన్ని తేలికగా తీసిపారేయరాదు. పంజాబీ కవి, చండీగఢ్ పీజీఐకి సంచాలకుడిగా పనిచేసిన మనోవైద్యుడు జస్వంత్ సింగ్ నేకీ (1925–2015) 1973లో ఒక వ్యాసంలో గురుశిష్య సంబంధమే మన దేశంలో చికిత్సకు నమూనా కాగలదని ప్రతిపాదించారు. మనవారు వైద్యుణ్ణి అద్దెకు తెచ్చుకొన్న నిపుణుడిగా చూడరు, ఇంటిపెద్దగా చూస్తారు. ఆ ఆధారపడడాన్ని జబ్బుగా లెక్కించి దూరంగా కూర్చునే వైద్యుడు ఇక్కడ రాణించడు. అంతవరకు నాకు పూర్తిగా సమ్మతమే.

అయితే గురువు అనగానే బెత్తం పట్టిన నా వంటి వాడినే ఊహించుకొంటే ఎలా? ప్రశ్నోపనిషత్తు ఎలా మొదలవుతుందో చూడండి. ఆరుగురు సమిధలు పట్టుకొని పిప్పలాదుని వద్దకు వస్తారు. ఆయన వెంటనే ఉపన్యాసం ఎత్తుకోడు. ఏడాదిపాటు తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో ఇక్కడ ఉండండి అంటాడు. ఆ తరువాత మీకు తోచిన ప్రశ్నలు అడగండి, మాకు తెలిసినట్లయితే చెబుతాము అంటాడు. ముందు కలిసి ఉండడం, ఆపైన ప్రశ్న శిష్యులది, ఆపైన జవాబుకు “తెలిసినట్లయితే” అన్న షరతు. ఉపనిషత్తు పేరే ప్రశ్న, జవాబు కాదు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రానికి చెందిన హార్లీన్ ఆండర్సన్, హ్యారీ గులిషియన్ అనే ఇద్దరు 1992లో ప్రచురితమైన వ్యాసంలో, చికిత్సకుడు “తెలియనివాడి” స్థానంలో కూర్చోవాలని వాదించారు. తెలిసినట్లు నటించకపోవడమూ, నిజంగా తెలుసుకోగోరడమూ అందులోని సారం. మనం దానిని జిజ్ఞాస అంటాము. పాశ్చాత్యమని భయపడవలసిన పని నాకు కనబడలేదు. ఇక భగవద్గీతే తొలి కౌన్సెలింగ్ అనేవారితో నాకు పాత పేచీ ఉన్నది, అది మరొక టపాకు దాచుకొంటాను. ఇప్పటికి ఒక్క మాట. పద్దెనిమిదవ అధ్యాయంలో అంతా చెప్పిన పిదప కృష్ణుడు కూడా బాగా ఆలోచించి నీ ఇష్టం వచ్చినట్లు చేయమనే అన్నాడు.

ఇంకొక భయం కూడా ఉన్నది. విడిగా కూర్చోబెట్టి మాట్లాడితే పిల్ల కుటుంబానికి దూరమవుతుందని. ఒంటరిగా నిలబడడమే పరిణతి అని పశ్చిమంలో కొందరు అనుకొన్న మాట నిజమే. దానిని అక్కడే ఎదిరించిన స్త్రీ జీన్ బేకర్ మిల్లర్. 1976లో ఆమె ప్రచురించిన గ్రంథం నుండి వికసించిన ధోరణి ప్రకారం, మనిషి ఎదిగేది సంబంధాలలోనే, నలిగేదీ సంబంధాలలోనే. కనుక చక్కబడడానికీ ఒక మంచి సంబంధమే కావాలి. కౌన్సెలరుతో కుదిరే చనువు ఆ గదిలోనే ఆగిపోదు. మొన్న ఆ అమ్మాయి బండి వెనక కూర్చుని, అడగకుండానే, “తాతయ్యా, నాకు బయాలజీ అంటే ఇష్టం లేదని కాదు, పరీక్ష హాలంటే భయం” అన్నదట. మిత్రుడు ఈ ముక్క నాకు చెప్పి, “ఇదేదో ఆ మేడం నాకు ముందే చెప్పొచ్చుగా” అన్నారు. ఆయన ఇంకా నా పక్షానికి రాలేదు.

అన్ని వేళలా కౌన్సెలరు చేతులు కట్టుకొని కూర్చోవాలని దీని అర్థం కాదు. ప్రాణం తీసుకోవాలన్న తలపు బయటపడితే గోప్యతను పక్కకు నెట్టి ఇంటివారిని, వైద్యుణ్ణి అప్రమత్తం చేయవలసిందే, ఆ సంగతి మొదటి రోజునే వచ్చినవారికి చెప్పి ఉంచవలసిందే. లేని గొంతులు వినబడేవారికి, రోజుల తరబడి నిద్రలేక ఉన్మాదంలో ఉన్నవారికి ముందు మనోవైద్యుడు, మందులు. మా కౌన్సెలరు వద్దకు ఆ పిల్ల వచ్చినదీ డాక్టరు చూసిన తరువాతనే. ఇక బోర్డు కట్టిన ప్రతివారూ కౌన్సెలర్లు కారు. క్లినికల్ సైకాలజిస్టులయితే భారత పునరావాస మండలి నమోదు ఉన్నదేమో చూడాలి. ఎంత చదివినవారైనా, నెల గడిచినా “ఈ మాటలు మీకు పనికివస్తున్నాయా?” అని ఒక్కసారి కూడా అడగనివారి దగ్గర నేనైతే ఐదవ వారం కూర్చోను.

నిమ్హాన్స్ సంస్థ నిర్వహించిన 2015–16 జాతీయ సర్వే ప్రకారం మానసిక రుగ్మతలున్నవారిలో, రుగ్మతను బట్టి, నూటికి 70 నుండి 92 మందికి చికిత్స అందడం లేదు. ఫీజు కట్టి వారం వారం వెళ్లగలవారు కొద్దిమంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీమానస్ 14416 సంఖ్యకు ఎవరైనా, ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. ఈ సంఖ్యను వంటింటి గోడమీద గ్యాస్ నంబరు పక్కన వ్రాసిపెట్టుకోండి.

పాఠశాలల విషయం చెప్పి ముగిస్తాను, అది నా ఎరుకలోనిది గనుక. ప్రతి బడిలోనూ కౌన్సెలరును నియమించాలని ఈ మధ్య తరచుగా వింటున్నాము. సంతోషమే. అయితే ఆ కౌన్సెలరు రోజూ సాయంత్రం ఎవరెవరు వచ్చారో, ఏమేమి అన్నారో ఒక రిజిస్టరులో వ్రాసి ప్రధానోపాధ్యాయుని బల్లమీద పెట్టవలసి ఉంటే ఆ నియామకం వద్దే వద్దు. అటువంటి రిజిస్టరు ఉన్నదని పిల్లలకు తెలియడానికి రెండు రోజులు చాలు. మూడవ రోజు నుండి ఆ గదికి పంపబడేవారు తప్ప వచ్చేవారు ఉండరు. కావలసినది తలుపు పడే ఒక చిన్న గది, సమానమైన ఎత్తున్న రెండు కుర్చీలు, మధ్యలో గంట కొట్టి లేపకుండా ఒక పీరియడు. బల్ల అక్కరలేదు.